ఆదివారం ఒక గంటలో వారం పోస్టులు: హాబీ ఫొటోగ్రాఫర్లకు సమగ్ర మార్గదర్శి

ఫొటోలు తీయడం ఎవరికీ బరువనిపించదు. తెల్లవారుజామున అమీన్‌పూర్ చెరువు గట్టు మీద చలిలో నిలబడటం కూడా ఇష్టంగానే చేస్తాం. బరువంతా తర్వాతే మొదలవుతుంది. కార్డులో నాలుగు వందల ఫ్రేములుంటాయి. వాటిలో ఒకటి వెతికి, దాన్ని ఎడిట్ చేసి, ఫోన్‌లోకి పంపుకుని, ఇన్‌స్టాగ్రామ్ కోసం కత్తిరించి, క్యాప్షన్ కోసం తల పట్టుకుని, హ్యాష్‌ట్యాగులు టైప్ చేసి, మళ్లీ ఫేస్‌బుక్‌లో అదంతా మొదటినుంచి చేసేసరికి రాత్రి పదకొండవుతుంది. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఇలా ఎన్నాళ్లు చేస్తాం? కొంతమంది పోస్ట్ చేయడమే మానేస్తారు, మంచి ఫొటోలు హార్డ్ డిస్కులోనే ఉండిపోతాయి. ఇంకొంతమంది చేతికందింది పెట్టేస్తారు. రెండూ నాకు బాధ కలిగించే విషయాలే.

ఎంపిక, ఎడిటింగ్, రాత, పోస్టింగ్ అనేవి నాలుగు వేర్వేరు పనులు. ఒక్కో ఫొటోకి ఈ నాలుగూ వరసగా చేస్తే ప్రతిసారీ మనసు నాలుగు రకాలుగా మారాలి. అలా కాకుండా ఒక్కో పనిని పది ఫొటోలకు ఒకేసారి కూర్చుని చేసేస్తే సగం అలసట పోతుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క మార్పు చుట్టూ అల్లుకున్నదే. ఏ యాప్ వాడాలన్నది చివరికి వచ్చే ప్రశ్న, మొదటిది కాదు.

మొదటి అడుగు: ఎక్కడెక్కడ పెట్టాలో తేల్చుకోండి

అన్ని చోట్లా సమానంగా ఉండాలనుకోవడమే చాలామందిని ముంచుతోంది. ఒక చోటుని ప్రధానంగా పెట్టుకోండి, మిగతావాటికి అక్కడి నుంచి నకళ్లు వెళ్తే చాలు. చాలామందికి ఆ ప్రధానమైన చోటు ఇన్‌స్టాగ్రామే. బంధువులు, పాత క్లాస్‌మేట్లు, తెలుగు ఫొటోగ్రఫీ గ్రూపులు ఫేస్‌బుక్‌లో ఎక్కువ. ఫొటో పూర్తి సైజులో, ఆల్బమ్‌గా ఉండాలంటే ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్ ఇప్పటికీ మంచిది. ఉచిత ఖాతాలో వెయ్యి ఫొటోల వరకు పెట్టుకోవచ్చు. హాబీగా తీసేవారికి, ఏరి పెట్టుకునే అలవాటుంటే, ఆ వెయ్యి చాలా ఏళ్లు సరిపోతాయి.

గుళ్లు, కోటలు, ఊళ్లు తీసేవాళ్లు వికీపీడియా వాడుకునే ఉచిత ఫొటోల భండారం వికీమీడియా కామన్స్ గురించి కూడా ఆలోచించాలని నా మాట. తెలుగు వికీపీడియాలో ఊళ్ల పేజీలు వేలల్లో ఉన్నాయి, మంచి ఫొటో కోసం ఎదురుచూస్తున్నవి అందులో ఎన్నో. మీరు తీసిన గుడి గోపురం, మీ ఊరి చెరువు అక్కడ చేరి, ఆ ఊరి పేజీలోకి ఎక్కితే లైకులు రాకపోవచ్చు గానీ, ఆ ఊరి గురించి చదివే ప్రతి ఒక్కరికీ అది కనిపిస్తుంది. ఒక్క విషయం ముందే తెలుసుకోండి. అక్కడ పెట్టిన ఫొటోని మీ పేరు చెప్పి ఎవరైనా, వ్యాపారానికైనా సరే, వాడుకోవచ్చు. ఇచ్చిన లైసెన్సును తర్వాత వెనక్కి తీసుకోలేరు. అలా వాడుకున్నా మీకు అభ్యంతరం లేని ఫొటోలే అక్కడికి పంపండి. కట్టడాల ఫొటోల కోసం 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘వికీ లవ్స్ మాన్యుమెంట్స్’ పోటీ సాధారణంగా సెప్టెంబర్‌లో జరుగుతుంది. ఆ నెలను గుర్తు పెట్టుకుంటే ఏడాదికోసారి ఈ పని కూడా అయిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను ప్రొఫెషనల్ ఖాతాగా మార్చుకోండి. ఉచితమే. షెడ్యూలింగ్ వస్తుంది, ఎవరు ఎప్పుడు చూస్తున్నారో తెలుస్తుంది. అందులో బిజినెస్ కాకుండా క్రియేటర్ ఎంచుకుంటే పాటల లైబ్రరీ విషయంలో ఇబ్బంది తక్కువ. కాకపోతే ప్రొఫెషనల్ ఖాతాను ప్రైవేటుగా ఉంచుకోవడం కుదరదు. ఇంట్లోవాళ్ల ఫొటోలు అదే ఖాతాలో ఉంటే, వాటిని ముందు వేరే ఖాతాకు మార్చి ఆ తర్వాతే ఈ పని చేయండి.

రెండో అడుగు: కార్డు నుంచి కంప్యూటర్‌కి

ఫోల్డర్ పేరు తేదీతో మొదలవ్వాలి, అదీ సంవత్సరం, నెల, రోజు అనే వరసలో. 2025-01-14-భీమిలి అని పెడితే ఫోల్డర్లన్నీ వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. రెండు చోట్ల కాపీ అయ్యేదాకా కార్డును ఫార్మాట్ చేయకండి. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట ఉండాలన్నది పాత సూత్రం. ఆ మూడోది క్లౌడ్ అయినా, అన్నయ్య ఇంట్లో పెట్టిన హార్డ్ డిస్క్ అయినా ఒకటే.

మూడో అడుగు: ఎంపిక

అసలు సమయం మింగేది ఇదే. ఎంపిక సరిగా చేస్తే మిగతా అడుగులన్నీ తేలికవుతాయి.

రెండు విడతల్లో చేయండి. మొదటి విడత షూట్ అయిన రోజునే, వేగంగా. ఒక్కో ఫొటోకి రెండు సెకన్లు, అంతే. లైట్‌రూమ్ క్లాసిక్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పీ నొక్కితే ఉంచినట్టు, ఎక్స్ నొక్కితే తీసేసినట్టు. క్యాప్స్ లాక్ వేసి ఉంచితే నొక్కగానే తర్వాతి ఫొటోకి తనే వెళ్తుంది. డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే డార్క్‌టేబుల్, డిజిక్యామ్ ఉన్నాయి, రెండూ ఉచితం, రెండింటిలోనూ స్టార్లు, రంగు గుర్తులు ఉన్నాయి. ఈ విడతలో ‘బాగుందా’ అని అడగకండి, ‘పనికిరాదా’ అని మాత్రమే అడగండి. షేక్ అయినవి, కళ్లు మూసుకున్నవి, ఫోకస్ పక్కకు పోయినవి పోతాయి. పక్షులు తీసేవాళ్లు ఇక్కడ ఒక్కసారి కంటి దగ్గరకు జూమ్ చేసి చూడాలి. కన్ను షార్ప్‌గా లేని పక్షి ఫొటో మీద ఎంత ఎడిటింగ్ చేసినా వృథాయే.

రెండో విడత కనీసం రెండు మూడు రోజుల తర్వాత. ఈ ఎడం చాలా ముఖ్యం. షూట్ అయిన రోజు మనం ఫొటోను కాదు, ఆ ఉదయాన్ని చూస్తుంటాం. ఆ చలి, ఆ నిరీక్షణ, ఆ పక్షి చివరికి ఎగిరిన క్షణం, అన్నీ ఫొటోకి అంటుకుని ఉంటాయి. చూసేవాళ్లకి అవేవీ కనిపించవు. బుధవారం నాటికి ఆ ఉత్సాహం కాస్త తగ్గి, ఫ్రేములో నిజంగా ఏముందో తెలుస్తుంది.

ఒక దృశ్యానికి ఒకే ఫొటో అన్న నియమం పెట్టుకోండి. ఉప్పలపాడులో ఎర్రకాళ్ల కొంగ చెట్టు మీద దిగుతున్నప్పుడు బటన్ నొక్కి పట్టుకుని వరసగా తీసిన బరస్ట్‌లో పాతిక ఫ్రేములు ఉంటాయి. రెక్కలు పూర్తిగా విచ్చుకుని, కాళ్లు కొమ్మను తాకబోతున్నది ఒక్కటి చాలు. మిగతా ఇరవై నాలుగూ పక్కన పడితే దాని బలం తగ్గుతుంది.

మిగిలినవాటికి రంగు గుర్తులు వేయండి. పోస్ట్‌కి సిద్ధమైతే ఆకుపచ్చ, పోస్ట్ అయిపోతే నీలం. లైట్‌రూమ్‌లో ‘ఆకుపచ్చ గుర్తు ఉన్నవి’ అని ఒక స్మార్ట్ కలెక్షన్, అంటే గుర్తును బట్టి తనంతట తానే నిండే ఆల్బమ్, చేసుకుంటే అదే మీ నిల్వ. ఫోన్‌తో తీసేవాళ్లు గూగుల్ ఫొటోస్‌లో ‘పెట్టాల్సినవి’, ‘పెట్టినవి’ అని రెండు ఆల్బమ్‌లు చేసుకున్నా సరిపోతుంది. ఇంట్లో ఆవకాయ జాడీ ఉన్నట్టు ఎప్పుడూ ఒక ఇరవై ఫొటోల నిల్వ ఉండాలి. వానాకాలంలో మూడు వారాలు కెమెరా బయటికి తీయకపోయినా టెన్షన్ ఉండదు.

నాలుగో అడుగు: గుంపుగా ఎడిటింగ్

ఒకే వెలుతురులో తీసినవాటిని ఒకేసారి పట్టుకోండి. ఒకదానికి వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, రంగులు సరిచేసి, ఆ సెట్టింగులను మిగతావాటికి సింక్ చేయండి. తర్వాత ఒక్కోదానికి చిన్న సర్దుబాటు చేస్తే చాలు. మీకు నచ్చే తీరును ఒక ప్రీసెట్‌గా, అంటే ఒక్క నొక్కుతో మళ్లీ వేసుకునే సెట్టింగులుగా, దాచుకోండి. ఇంటర్నెట్‌లో కొన్న ప్రీసెట్ల కన్నా మీ చేత్తో నెమ్మదిగా తయారైనదే మీ ఫొటోలకు అతుకుతుంది. ఫోన్‌లో అయితే స్నాప్‌సీడ్ ఉచితంగా దొరుకుతుంది, అందులోనూ మీ లుక్‌ను సేవ్ చేసుకోవచ్చు.

క్రాప్ కూడా ఇప్పుడే చేయాలి, పోస్ట్ చేసేటప్పుడు కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో నిలువు ఫొటోకి 4:5 నిష్పత్తి (వెడల్పు:ఎత్తు) చాలాకాలంగా ఉంది, 2025 నుంచి 3:4 కూడా తీసుకుంటోంది. ప్రొఫైల్‌లో కనిపించే చిన్న గళ్లు కూడా ఆ ఏడాదే చతురస్రం నుంచి 3:4కి మారాయి. కాబట్టి అంచుల్లో ముఖ్యమైనది ఏదీ పెట్టకండి. అసలు ఫొటోను తాకకుండా లైట్‌రూమ్‌లో వర్చువల్ కాపీ తీసి దాన్ని క్రాప్ చేస్తే, రేపు ప్రింట్ వేయించాలన్నప్పుడు అసలుది చెక్కుచెదరకుండా ఉంటుంది.

అడ్డంగా తీసిన దృశ్యాలది వేరే బాధ. గండికోట లోయనో, వంజంగి మేఘాలనో 4:5లోకి కుదిస్తే వాటి విశాలతే పోతుంది. తెల్లటి నిలువు కాన్వాస్ మీద అడ్డం ఫొటోను పూర్తిగా పెట్టడం ఒక దారి. ఒకే పొడవాటి ఫొటోను రెండు మూడు ముక్కలుగా చేసి, పక్కకు జరుపుతూ చూసే కారౌసెల్‌గా పెట్టడం ఇంకోటి. నాకు మొదటిదే ఇష్టం, కన్ను ఒక్కసారిగా మొత్తం చూడగలుగుతుంది. కారౌసెల్‌లో ఇప్పుడు 20 దాకా పెట్టొచ్చు, కానీ ఆరేడు దాటితే చూసేవాళ్లు జారిపోతారు. అన్నీ ఒకే నిష్పత్తిలో ఉండేలా చూసుకోండి.

ఐదో అడుగు: ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్లు ఒక్కసారి చేసుకోండి

ఈ అడుగుకి మొదటిసారి అరగంట పడుతుంది. ఆ తర్వాత జీవితంలో మళ్లీ ఆలోచించనక్కర్లేదు.

ఇన్‌స్టాగ్రామ్ కోసం ఒకటి: వెడల్పు 1080 పిక్సెల్స్, ఎత్తు 1350 లేదా 1440, జేపెగ్ క్వాలిటీ 80 చుట్టూ, షార్పెనింగ్ ‘స్క్రీన్’ కోసం. ఇంతకన్నా పెద్దది పంపితే కుదించే పని వాళ్లే చేస్తారు, వాళ్లు చేసిన కుదింపు మన చేతుల్లో ఉండదు. ఫేస్‌బుక్ కోసం ఇంకొకటి, పొడవు వైపు 2048 పిక్సెల్స్. ఫ్లికర్ కోసం పూర్తి సైజుది. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఎక్స్‌పోర్ట్ పెట్టెలో మూడు ప్రీసెట్లకీ టిక్ పెడితే ఒక్క నొక్కుతో మూడు ఫోల్డర్లూ తయారవుతాయి.

కలర్ స్పేస్, అంటే ఫైల్‌లో రంగులను రాసే పద్ధతి, మాత్రం అన్నిటికీ ఎస్‌ఆర్‌జీబీయే ఉండాలి. ఎడోబ్ ఆర్‌జీబీలో వదిలేసిన ఫొటో మీ మానిటర్ మీద బాగానే ఉంటుంది, రంగులను సరిగా చదవని యాప్‌లోకి వెళ్లాక వెలిసిపోతుంది. బతుకమ్మ మీది తంగేడు పసుపు, బంతి నారింజ రంగు చప్పబడిపోతే ఇక ఆ ఫొటోలో మిగిలేదేంటి?

కంప్యూటర్ నుంచి ఫోన్‌కి పంపడానికి చాలామంది వాట్సాప్‌లో తమకు తామే పంపుకుంటారు. మామూలు ఫొటోగా పంపితే అక్కడే క్వాలిటీ పడిపోతుంది. గూగుల్ డ్రైవ్, క్విక్ షేర్, ఐఫోన్, మ్యాక్ రెండూ ఉంటే ఎయిర్‌డ్రాప్ వాడండి. అసలు ఫోన్‌కి పంపాల్సిన అవసరం కూడా లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో కంప్యూటర్ బ్రౌజర్ నుంచే పోస్ట్ చేసే వీలు 2021 నుంచి ఉంది.

ఆరో అడుగు: క్యాప్షన్లు

ఖాళీ పెట్టె ముందు కూర్చుని రాయాలంటే ఎవరికైనా మాట రాదు. క్యాప్షన్ పుట్టేది ఫొటో తీసిన చోటే. కెమెరా బ్యాగులో పెట్టేముందు ఫోన్ తీసి ఒక నిమిషం వాయిస్ నోట్ చెప్పుకోండి: ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, గాలి ఎటు ఉంది. గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది కాబట్టి నేరుగా అక్షరాల్లోకే దించుకోవచ్చు. ఆదివారం కూర్చున్నప్పుడు ఆ నోట్స్ నుంచి క్యాప్షన్ తయారు చేయడం ఐదు నిమిషాల పని.

మంచి క్యాప్షన్‌లో మూడు విషయాలుంటే చాలు. ఏమిటి, ఎక్కడ, ఫొటోలో కనిపించనిది ఏదైనా ఒకటి. ఆ మూడోదే ప్రాణం. ఉదాహరణకు, ‘ఉప్పలపాడు చెరువు. ఎర్రకాళ్ల కొంగ, గూట్లో పిల్లలు. ఎండ పడకుండా రెక్కలు పరిచి అలాగే నిలబడింది, నేనున్నంతసేపూ కదల్లేదు.’ దీని బదులు ‘ప్రకృతి అందాలు’ అని రాస్తే ఆ పక్షి చేసిన పని ఎవరికీ తెలియకుండా పోతుంది.

తెలుగులో రాయండి. కావాలంటే కింద ఇంగ్లిష్‌లో ఒక్క లైను, పక్షి అయితే దాని ఇంగ్లిష్ పేరు ఇవ్వండి, వెతికేవాళ్లకు దొరుకుతుంది. హ్యాష్‌ట్యాగులు మూడు నుంచి ఐదు చాలు. చోటు పేరు, విషయం పేరు, అంతే. ముప్ఫై ట్యాగుల కాలం పోయింది, అవి ఫొటో కింద చెత్తలా కూడా కనిపిస్తాయి. పక్షులకొక సెట్, వీధులకొక సెట్, పండుగలకొక సెట్ చేసుకుని కీబోర్డ్ డిక్షనరీలో షార్ట్‌కట్‌గా పెట్టుకుంటే రెండక్షరాలు కొట్టగానే మొత్తం వచ్చేస్తుంది.

ఆల్ట్ టెక్స్ట్ కూడా ఇప్పుడే రాసేయండి. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వినేది దీన్నే. ‘నీళ్ల మీదికి వంగిన తుమ్మచెట్టు, దాని కొమ్మ మీద రెక్కలు చాచిన తెల్లటి పెద్ద కొంగ’ అని ఒక్క వాక్యం చాలు. దీన్ని చాలామంది వదిలేస్తారు, మీరు వదలకండి.

వీటన్నిటికీ ఒక గూగుల్ షీట్ పెట్టుకోండి. ఫైల్ పేరు, క్యాప్షన్, ఆల్ట్ టెక్స్ట్, ట్యాగులు, ఎక్కడ ఎప్పుడు పెట్టారు అనే నిలువు వరసలుంటే సరి. ఫ్లికర్‌కి వెళ్లే ఫొటోలకైతే లైట్‌రూమ్‌లోనే టైటిల్, క్యాప్షన్, కీవర్డ్స్ నింపితే అవి ఫైల్‌తో పాటే ప్రయాణిస్తాయి, అక్కడ మళ్లీ టైప్ చేయక్కర్లేదు.

ఏడో అడుగు: పెట్టవచ్చా అన్న పరీక్ష

షెడ్యూల్ చేసేముందు అన్ని ఫొటోలనూ ఒక్కసారి ఈ కంటితో చూడాలి. తొందరలో ఒక్కొక్కటీ పోస్ట్ చేసేటప్పుడు జారిపోయేది ఇదే.

గూళ్లున్న పక్షుల కచ్చితమైన చోటు రాయకండి. ఉప్పలపాడు, నేలపట్టు లాంటి అందరికీ తెలిసిన చోట్ల పేరు చెప్పినా నష్టం లేదు. మీ ఊరి బయట ఒక గుట్ట మీద గుడ్లగూబ గూడు దొరికితే జిల్లా పేరుతో ఆపేయండి. మరుసటి ఆదివారం పది కెమెరాలు అక్కడ చేరితే ఆ తల్లి గూడు వదిలి వెళ్లిపోవచ్చు. ఫొటో ఫైల్‌లో జీపీఎస్ వివరాలు కూడా ఉంటాయని మర్చిపోకండి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వాటిని చూసేవాళ్లకు ఇవ్వవు గానీ, వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపిన ఫైల్‌లో అన్నీ అలాగే ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్‌లోనే లొకేషన్ తీసేయమని టిక్ పెట్టేస్తే ఈ చింత ఉండదు.

మనుషుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మేడారం జాతరలో జంపన్న వాగులో స్నానాలు చేస్తున్న ఆడవాళ్లు, బోనాల్లో పూనకం వచ్చినవాళ్లు, ఆస్పత్రి బయట ఎదురుచూస్తున్నవాళ్లు, వీళ్లెవరూ మన ఫాలోవర్ల కోసం అక్కడ లేరు. ఆ ఫొటోలో ఉన్నది మా ఇంటి ఆడపడుచు అయితే పెడతానా అని మిమ్మల్ని మీరే అడగండి. చిన్నపిల్లల ముఖాలు స్పష్టంగా ఉంటే అమ్మానాన్నలను అడిగాకే పెట్టండి. లాడ్ బజార్‌లో గాజులమ్మే పెద్దాయన ఫొటో తీస్తే ఆయనకి ఒక ప్రింట్ ఇచ్చి రండి. మీరు మళ్లీ వెళ్లినప్పుడు ఆ గల్లీ మీది అవుతుంది.

ఎనిమిదో అడుగు: షెడ్యూల్

ఇప్పుడు మిగిలింది యంత్రం పని. ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లోనే ప్రొఫెషనల్ ఖాతాలకు 75 రోజుల ముందుదాకా షెడ్యూల్ చేసే వీలుంది. ఫేస్‌బుక్ పేజీ కూడా ఉంటే మెటా బిజినెస్ సూట్‌లో రెండూ ఒకే చోట పెట్టొచ్చు, అదీ ఉచితమే. మూడు నాలుగు వేర్వేరు వేదికలున్నవాళ్లకు బఫర్ లాంటి షెడ్యూలింగ్ సాధనాలు ఉన్నాయి. హాబీకి డబ్బు కట్టే సాధనాలు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం, ఆ డబ్బు ఒక రైలు టికెట్‌కి వాడండి.

వారానికి రెండు లేదా మూడు పోస్టులు చాలు. రోజుకొకటి పెట్టాలన్న ఒత్తిడి వృత్తిగా చేసేవాళ్లది. ఏ టైమ్‌లో పెట్టాలన్నదానికి ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలను నమ్మకండి, మీ ఖాతా ఇన్‌సైట్స్‌లో మీ వాళ్లు ఎప్పుడు ఉంటున్నారో చూడండి. అమెరికాలో బంధువులు, స్నేహితులు ఎక్కువున్నవాళ్లకు మన ఉదయమే సరైన సమయం కావచ్చు.

మన పండుగల క్యాలెండర్ ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఈ ఏడాది బతుకమ్మ ఫొటోలు ఈ ఏడాదే పెట్టాలని పరుగెత్తకండి. నిదానంగా ఏరి, వచ్చే ఏడాది తొమ్మిది రోజులకీ, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా, రోజుకొకటి ముందే షెడ్యూల్ చేసుకోండి. పండుగ రోజున మీరు ఫోన్‌లో మునిగిపోకుండా కెమెరాతో వీధిలో ఉంటారు. సంక్రాంతి హరిదాసులు, ఆషాఢం బోనాలు, పులికాట్‌కి రాజహంసలు వచ్చే చలికాలం, వీటికి కూడా ఇదే పద్ధతి. ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం, మీరు తీసినవాటిలో బాగా ఇష్టమైనదాన్ని దానికి అట్టిపెట్టుకోండి.

షెడ్యూల్ ఉంది కదా అని అప్పటికప్పుడు పెట్టాల్సినవి ఆపకండి. సాయంత్రం చార్మినార్ వెనక అరుదైన రంగులతో ఆకాశం కనిపిస్తే, స్టోరీలోనో వాట్సాప్ స్టేటస్‌లోనో అప్పుడే పెట్టేయండి. ఫీడ్‌కి అది తర్వాత, ఎంపికలో నిలబడితే వస్తుంది.

తొమ్మిదో అడుగు: పోస్ట్ అయ్యాక

నోటిఫికేషన్లు ఆపేయండి. పోస్ట్ పడిన రోజు సాయంత్రం ఒక పావుగంట కేటాయించి కామెంట్లకు జవాబులివ్వండి, మీకు నచ్చిన ఇద్దరు ముగ్గురు ఫొటోగ్రాఫర్ల పనిని నిజంగా చూసి రెండు మాటలు రాయండి. ‘సూపర్’ అని కాదు, ఆ వెలుతురులో మీకు ఏం నచ్చిందో రాయండి. స్నేహాలు అక్కడే మొదలవుతాయి, కొత్త చోట్ల ఆచూకీ కూడా అక్కడే దొరుకుతుంది.

నెలకోసారి ఏవి ఎక్కువమంది సేవ్ చేసుకున్నారో, ఏవి ఎక్కువగా ఇతరులకు పంపుకున్నారో చూడండి. లైకుల కన్నా వాటికే విలువ ఎక్కువ. అయితే ఆ లెక్క చూసి ఏం తీయాలో మార్చుకోకండి. సూర్యాస్తమయాలకు ఎప్పుడూ ఎక్కువ లైకులే వస్తాయి, అందుకని చేనేత మగ్గాల ఫొటోలు మానేస్తే ఎలా?

ఇక ఆ ఆదివారం గంట ఎలా సాగుతుందంటే: నిల్వ నుంచి మూడు ఫొటోలు తీయడానికి పది నిమిషాలు, ఎక్స్‌పోర్ట్‌కి ఐదు, క్యాప్షన్లకు, ఆల్ట్ టెక్స్ట్‌కి అరగంట, చివరి పరీక్షకి, షెడ్యూల్‌కి మిగిలిన పావుగంట. ఎడిటింగ్ ఈ గంటలో లేదు, అది మనసున్నప్పుడు చేసుకునే పని. ప్రీసెట్లు, షీట్, ట్యాగుల సెట్లు చేసుకోవాలి కాబట్టి మొదటి ఆదివారం మధ్యాహ్నం అంతా పట్టొచ్చు. ఏదైనా వారం కుదరకపోతే వదిలేయండి, రెట్టింపు పెట్టి పూడ్చాలని చూడకండి. ఆకుపచ్చ గుర్తులున్నవి నిల్వలో అలాగే ఉంటాయి, వచ్చే వారం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.